సొర జవాబివ్వడం లేదు

డ్రాయింగ్ ఆఫీసు మిషన్లకి చేపల పేర్లు పెట్టింది నేనే.
వంజరం, చందువ, పండుగప్ప, కానగంత, నెత్తళ్లు.
ఐదింటికీ సొంత డిస్కు లేదు.
పొద్దున్నే ఆకలితో లేచి
మేడమీది గదిలో సొరని అడిగి తినాలి.

సొరకి ఒక గుణం: ఏదీ గుర్తుంచుకోదు.
ఎవరడిగారో, ఎందాకా చదివారో,
ఇందాక తనే ఏమిచ్చిందో.
గుర్తుంచుకునే బాధంతా అడిగేవాళ్లది.
చచ్చి లేచినదానికి
మరిచిపోవడానికి ఏమీ మిగలకూడదని
కావాలనే అలా చేశారట.
మాన్యువల్లో ఇది చదివి నవ్వాను.
తొంభై రెండు వేసవిదాకా నవ్వాను.

సింధియా వైపునుంచి ఉప్పుగాలి.
కనెక్టర్ల మెడకి పచ్చటి చిలుము,
ఫ్యాను రెక్కలమీద ఓర్ రేవు ఎర్రదుమ్ము.
సొర పడుకునేది.
ఐదు తెరలమీదా ఒకే వాక్యం లేచేది:
సొర జవాబివ్వడం లేదు, ఇంకా అడుగుతున్నాను.
బాణం గుర్తు ఎక్కడిదక్కడే.
సగం గీసిన ఓడ ఎక్కడిదక్కడే.
చింతాడ లక్ష్ముంనాయుడు గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ
"ఏటి బాబూ, మీ సొర ఎవులి వల్లో పడిందీ?" అనేవారు.

ఒకసారి మాత్రం తప్పు సొరది కాదు.
నేల తుడుస్తూ పైడమ్మ
తీగ చివరి బిరడా ఊడదీసింది.
"నానేటీ ముట్టనేదండి, అదే ఊడొచ్చీసింది."
దోసిట్లో వేరుశనక్కాయంత ఇత్తడి.
అది లేకపోతే మాట
తీగ చివరిదాకా పోయి వెనక్కి తిరిగి
తననే గుద్దుకుంటుంది.
ఈ ముక్క పైడమ్మకి చెప్తే
"మా యింట్లోనూ అంతే" అంది.

మేనేజరుకి ఎదురుచూడ్డం పడదు.
"మూడుసార్లడగండి, పలక్కపోతే ఊరుకోండి."
ఫైల్లో ఒక్క మాట మార్చాను.
గట్టిది తీసి మెత్తంది పెట్టాను.
ఆ వారం ఏ తెరా గడ్డకట్టలేదు.
మేనేజరు అందరికీ టీ ఇప్పించారు.

గురువారం మధ్యాహ్నం సొర అరనిమిషం తూలింది.
పండుగప్ప మూడుసార్లడిగింది. ఊరుకుంది.
ఊరుకున్నానని ఎవరికీ చెప్పలేదు.
నలభయ్యేడో ఫ్రేము వంపు సగందాకా రాసి
మిగతా చోటంతా సున్నాలు నింపి
మర్యాదగా ఫైలు మూసింది.

సున్నా అంటే మనకి ఏమీ లేకపోవడం.
కటింగ్ మిషనుకి అదొక చోటు,
తను బయల్దేరిన మూల.
మంట వంపు మధ్యలో ఆగి
ఇంటికి మళ్లినట్టు
తిన్నగా ఆ మూలకి కోసుకుంటూ పోయింది.
పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లేటు.

నన్నెవరూ తిట్టలేదు, అదే ఇబ్బంది.
నాయుడు గారు బీరువాలోంచి
పల్చటి బద్ద, సీసపు దిమ్మలు తీసి
దిమ్మ దిమ్మకీ బద్దని వంచి, పెన్సిలు చెక్కుకుని
సాయంత్రానికల్లా వంపు మొత్తం గీశారు.
"ఇది మర్సిపోదు బాబూ, సెదలు తింటే తప్ప."

ఆ రాత్రే మెత్తంది తీసి గట్టిది పెట్టాను.

ఆగస్టులో సొర పవర్ సప్లై కాలిపోయింది.
కొత్తది హైదరాబాదులో ఉంది.
ఐదింటికీ చీటీలంటించాను: ఎవరూ ఆపవద్దు.
రెండు రాత్రులు అవి అడుగుతూనే ఉన్నాయి.
కిటికీలోంచి డాల్ఫిన్ నోస్ దీపం తిరుగుతూ
గోడమీద ఒక్కో వాక్యాన్నీ తాకి పోయేది.
మూడోనాడు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో అట్టపెట్టె దిగింది.
మర బిగించాను, మీట నొక్కాను.
నేను కిందికి దిగేలోగా
వంజరం తెరమీద: సొర పలికింది.
లక్ష్ముంనాయుడు గారి చెయ్యి వదిలేసిన గీత
అదే చుక్కనుంచి ముందుకు కదిలింది.
నువ్వెవరని సొర అడగలేదు.
ఎక్కడికి పోయావని వంజరమూ అడగలేదు.

ఆ ప్లేటు మాత్రం యార్డులోనే ఉంది,
నాలుగు డ్రమ్ములమీద బల్లలా.
టీ వేళకి వెల్డర్లు చేరతారు,
వంపున్న వైపుకే పోటీ.
తిన్నగా కోసిన అంచు
తొడకి గుచ్చుకుంటుందట.